ఎవరి పక్షాన? – యుద్ధకాలపు ఇంటి ఉత్తరాలు చెప్పే సంగతి



నమ్మకముగా ఉండుట మంచి గుణమని చిన్నప్పటి నుండి మనకు నేర్పారు. తిన్న ఇంటికి, పెంచిన ఊరికి, బాప్తిస్మము పొందిన సంఘానికి కట్టుబడి ఉండాలని పెద్దలు చెప్పారు. అలా కట్టుబడి ఉన్నందుకు నష్టము వచ్చినా భరించాలని, అదే త్యాగమని కూడా చెప్పారు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడ వస్తుందంటే, రెండు నమ్మకాలు ఒకే రోజున ఎదురెదురుగా నిలబడినప్పుడు. తోడబుట్టినవాడు ఒక పక్కన, నిలువ నీడ ఇచ్చిన ఊరు మరొక పక్కన ఉంటే ఏమి చేయాలి? ఒకడు తాను నమ్మినదాని కొరకు ప్రాణమే పెట్టాడనుకోండి. అంత మాత్రముచేత అతడు నమ్మినది సరియైనది అవుతుందా?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించకుండా, నిజముగా ఆ ఇరుకులో పడినవారు తమ ఇండ్లకు వ్రాసుకున్న ఉత్తరాలను ముందు పెట్టుకొని ఆలోచిద్దాము. ఇవి అమెరికా అంతర్యుద్ధ కాలములోనివి. 1861 ఏప్రిల్ నుండి 1865 వరకు ఉత్తర రాష్ట్రాలకు, విడిపోయిన దక్షిణ రాష్ట్రాలకు మధ్య జరిగిన ఆ యుద్ధములో ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. అప్పటికి ఆ దేశములో దాదాపు నలభై లక్షల మంది నల్లజాతివారు బానిసలుగా ఉన్నారు. దక్షిణాదివారు తమ రాష్ట్రాల హక్కు అన్నారు, ఉత్తరాదివారు దేశ ఐక్యత అన్నారు. కాని తగవుకు మూలము బానిసత్వమే.

ఇది మనకు సంబంధము లేని దూరపు కథ అనుకోవద్దు. అమెరికా దేశము కంటె ముందుగా చీలినవారు అక్కడి బాప్తిస్టులే. బానిసలను సొంతము చేసుకొన్నవాడు మిషనరీగా వెళ్లవచ్చా, కూడదా అన్న ప్రశ్న మీద 1845 మే నెలలో దక్షిణాది బాప్తిస్టులు జార్జియా రాష్ట్రములోని అగస్టాలో కూడి వేరే కన్వెన్షను ఏర్పరచుకున్నారు. తెలుగు దేశానికి సువార్త పంపినది ఉత్తరాదివారి మిషను. ఆ యుద్ధము సాగుతున్న సంవత్సరాలలోనే మన నెల్లూరు మిషనును మూసివేయాలా, నిలపాలా అన్న ఆలోచన నడిచింది. లైమన్ జువెట్ దొరగారు మూయవద్దని పట్టుబట్టారు. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు యుద్ధము ముగియక ముందే 1864 చివర బోస్టనులో ఓడ ఎక్కి, 1865లో మన దేశము చేరారు. కాబట్టి ఆ తగవు మన ఇంటి చరిత్రలో ఒక మూల ఉన్నదే.

మొదట ఇద్దరు సహోదరుల సంగతి. జేమ్స్ క్యాంప్‌బెల్, అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ అనేవారు స్కాట్లండు నుండి బ్రతుకు తెరువు కొరకు అమెరికా వచ్చినవారు. జేమ్స్ దక్షిణాదిలోని చార్లెస్టన్ పట్టణములో స్థిరపడ్డాడు. అలెగ్జాండర్ రాతిపనివాడు. అతడు కూడా కొంతకాలము చార్లెస్టనులో ఉండి, తరువాత ఉత్తరాన న్యూయార్కులో కాపురము పెట్టాడు. యుద్ధము రాగానే ఎవరు స్థిరపడిన చోటు పక్షాన వారు సైన్యములో చేరారు. 1862 జూన్ 16న చార్లెస్టను దగ్గర సెసెషన్‌విల్ అనే చోట ఉత్తర సైన్యము ఒక మట్టికోట మీద దాడి చేసింది. దాడి చేసిన దళములో జెండా మోసినవాడు అలెగ్జాండర్. కోటను కాచిన దళములో ఉన్నవాడు జేమ్స్. ఆ ఉదయము ఉత్తర సైన్యములో ఏడు వందల మందికి దగ్గరగా చనిపోయారు, గాయపడ్డారు లేక పట్టుబడ్డారు. అవతలివారికి రెండు వందలకు పైగా నష్టము కలిగింది.

తాము ఒకే గట్టుకు ఇటూ అటూ నిలబడి పోరాడామని జేమ్స్‌కు తరువాత తెలిసింది. అప్పుడతడు సహోదరునికి ఉత్తరము వ్రాశాడు. దాని సారము ఇది: నీవు ఆ దాడిలో ఉన్నావని విని ఆశ్చర్యపోయాను. నేను గట్టు మీద నిలిచి మిమ్మును ఓడించుటకు చేతనైనదంతా చేశాను. మనము ముఖాముఖిగా శత్రువులుగా కలుసుకోకుండును గాక అని కోరుకుంటున్నాను. ఒకవేళ కలుసుకుంటే నీ పక్షాన నీ విధి నీవు చేయి, నా పక్షాన నా విధి నేను చేస్తాను.

ఆ ఉత్తరములో ద్వేషము లేదు, దాపరికము లేదు. ప్రేమ ఉన్నది, మాట మీద నిలబడే గుణమున్నది. యుద్ధము తరువాత ఇద్దరూ బ్రతికి ఉన్నారు, వారి రాకపోకల మాటలు మళ్లీ నడిచాయి. చదివినవారికి ఇద్దరి మీదా గౌరవము కలుగుతుంది.

అయినా ఒక్క సంగతి ఆలోచించండి. వలస వచ్చిన ఆ ఇద్దరిలో ఒకడు దక్షిణ పక్షము, మరొకడు ఉత్తర పక్షము ఎలా అయ్యారు? ఎవరికి ఎక్కడ పని దొరికిందో, ఎక్కడ ఇల్లు కుదిరిందో, ఎక్కడ స్నేహితులు ఏర్పడ్డారో దానిని బట్టి. జేమ్స్‌కు న్యూయార్కులో పని దొరికి, అలెగ్జాండర్ చార్లెస్టనులోనే ఉండిపోయి ఉంటే? జెండాలు తారుమారు అయ్యేవేమో. అయినా ఇద్దరికీ తమ విధి పవిత్రమైనదిగానే తోచింది. మనలను కట్టిపడవేసే నమ్మకాలు చాలా వరకు ఇలాగే మనకు తెలియకుండానే అంటుకుంటాయి. అంటుకున్నంత మాత్రాన అవి చెడ్డవి కావు. రూతుకు నయోమి మీద కలిగిన నమ్మకత్వము కూడా కాపురము ద్వారా వచ్చినదే. కాని అంటుకున్నది గనుక అది దేవుని ఆజ్ఞ అనుకోవడము మాత్రము పొరపాటు.

ఒకరు ఇలా అడగవచ్చు: ప్రతివాడు తన నమ్మకాన్ని తూచి చూచుకుంటూ కూర్చుంటే ఇంక లోకములో ఎవడు ఎవరికి కట్టుబడి ఉంటాడు? కష్టము వచ్చినప్పుడు లెక్కలు వేసేవాడిని స్నేహితుడంటామా? ఈ అడుగుటలో న్యాయమున్నది. లాభము, నష్టము తూచేవాడు నమ్మకస్థుడు కాడు. కాని తప్పు, ఒప్పు తూచడము వేరే సంగతి. యోనాతానును చూడండి. తండ్రియైన సౌలును విడిచిపోలేదు. గిల్బోవ కొండ మీద తండ్రితోపాటే పడిపోయాడు. కాని తండ్రి అన్యాయముగా దావీదును చంపచూచినప్పుడు ఆ పనికి చేయి కలుపలేదు, దావీదును హెచ్చరించి పంపివేశాడు. తండ్రికి నమ్మకముగా ఉన్నాడు, తండ్రి పాపానికి మాత్రము కాదు. ఈ తేడా తెలియకపోతే నమ్మకత్వము గ్రుడ్డిదవుతుంది.

రెండవ ఉత్తరము త్యాగాన్ని గురించినది. సల్లివన్ బాలూ అనే ఆయన రోడ్ ఐలండు రాష్ట్రములో న్యాయవాది, ఉత్తర సైన్యములో మేజరు. వయస్సు 32. భార్య పేరు సారా, ఇద్దరు చిన్న కుమారులు. 1861 జూలై 14న వాషింగ్టను దగ్గరి శిబిరము నుండి ఆయన సారాకు ఉత్తరము వ్రాశాడు. వారము తిరిగేసరికి, జూలై 21న, బుల్ రన్ యుద్ధములో ఫిరంగి గుండు తగిలి కాలు పోయింది. ఆ నెల ముగియక ముందే కన్ను మూశాడు. ఆ ఉత్తరానికి జవాబు వ్రాసే అవకాశము సారాకు కలుగలేదు.

ఆ ఉత్తరము ఇప్పుడు లోక ప్రసిద్ధము. అందరూ దానిలోని ప్రేమను మెచ్చుకుంటారు. నాకు మాత్రము అందులో ఆయన తనను తాను అడుగుకున్న ప్రశ్న ముఖ్యముగా కనబడుతుంది. దేశము కొరకు తన సుఖాలన్నీ వదులుకొనుటకు ఆయన సిద్ధమే. అయితే తన సుఖాలతోపాటు భార్య సుఖాలు కూడా పోతాయని ఆయనకు తెలుసు. తాను చిన్నతనములో తండ్రి లేకుండా పెరిగాడు. ఆ చేదు తన పిల్లలకు కూడా పెట్టబోతున్నానేమో అన్న దిగులు ఆయనను వేధించింది. ఆ దిగులును దాచకుండా వ్రాశాడు.

ఇక్కడ త్యాగము గురించి మనము సాధారణముగా చెప్పని సత్యము ఒకటి బయటపడుతుంది. త్యాగము చేస్తానని చెప్పేవాడు ఒకడు, దాని వెల చెల్లించేవారు మరికొందరు. ఆయన బాధ ఒక వారములో ముగిసింది. సారా మరల పెండ్లి చేసుకోలేదు. 1917 వరకు, అంటే యాభై ఆరు సంవత్సరాలు, ఆ వెల చెల్లిస్తూనే బ్రతికింది. న్యాయాధిపతుల గ్రంథములో యెఫ్తా మ్రొక్కుబడి చేశాడు, చెల్లించినది అతని కుమార్తె. సంఘ చరిత్రలో కూడా ఇది కొత్త కాదు. సేవకు సమస్తము అర్పించానని బోధకుడు ప్రసంగ వేదిక మీద సాక్ష్యము చెబుతాడు. ఫీజు కట్టలేక బడి మానిన పిల్లలు, మంగళసూత్రము తాకట్టు పెట్టిన భార్య ఆ సాక్ష్యములో ఎక్కడా కనబడరు. బాలూగారి ఉత్తరములో గొప్పతనము ఏమంటే, వెల చెల్లించేవారిని ఆయన లెక్కలో నుండి తీసివేయలేదు. వారిని పేరు పెట్టి పిలిచి, వారి ముందు తన లెక్క అప్పగించాడు. త్యాగము చేయదలచినవాడు కనీసము అంతవరకైనా చేయవలసి ఉన్నది.

ఇక మూడవది. మొదటి రెండు ఉత్తరాలు చదివి కన్నీళ్లు తుడుచుకున్న తరువాత దీనిని తప్పక చదవాలి. స్పాట్స్‌వుడ్ రైస్ అనే ఆయన మిస్సోరి రాష్ట్రములో బానిసగా పొగాకు పని చేసినవాడు. 1864లో తప్పించుకొని వెళ్లి ఉత్తర సైన్యములో చేరాడు. అప్పటికి ప్రెసిడెంటు లింకన్ బానిస విముక్తి ప్రకటన వెలువడి ఏడాది దాటింది. కాని అది తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే వర్తించేది. మిస్సోరి విడిపోని రాష్ట్రము గనుక అక్కడ బానిసత్వము చట్టము ప్రకారమే సాగుతూ ఉన్నది. రైస్ తాను సైనికుడైనాడు, ఆయన కుమార్తెలు మాత్రము యజమానుల దగ్గర ఉండిపోయారు.

1864 సెప్టెంబరులో సెయింట్ లూయీలోని సైనిక ఆస్పత్రిలో మంచము మీద ఉండి ఆయన రెండు ఉత్తరాలు వ్రాశాడు. ఒకటి కుమార్తెలకు. ధైర్యముగా ఉండండి, నా ప్రాణము పోయినా సరే మిమ్మును విడిపించుకుంటాను, సైన్యముతో వస్తున్నాను అని దాని భావము. రెండవది ఒక కుమార్తెను తన దగ్గర ఉంచుకున్న యజమానురాలికి. బిడ్డను ఆయన దొంగిలించ చూస్తున్నాడని ఆమె అన్నదట. దానికి ఆయన జవాబు: ఆ బిడ్డ దేవుడు నాకిచ్చినది, నా బిడ్డ మీద హక్కు నాది. ఒకప్పుడు నా బిడ్డను నేనే కొనుక్కొనుటకు నీకు నలభై డాలర్లు ఇవ్వజూపాను. నీవు తీసుకోకపోవడమే మంచిదయింది. నీవు ఎంత కాలము ఆమెను పట్టి ఉంచుతావో అంత కాలము దేవుని ఎదుట నీ లెక్క పెరుగుతుంది.

ఈ ఉత్తరాలు నేటికి ఎలా మిగిలాయో తెలుసా? యజమానురాలి సహోదరుడు వాటిని చూచి మండిపడి, ఇటువంటివాడిని ఈ రాష్ట్రములో ఉండనీయవద్దని సైన్యాధికారికి ఫిర్యాదు వ్రాస్తూ వీటిని జతపరచాడు. ఆ విధముగా సర్కారు దస్త్రాలలో భద్రపడ్డాయి. 1865 జనవరిలో మిస్సోరి బానిసత్వమును రద్దు చేసింది. రైస్ కుటుంబము ఒక చోట చేరింది. తరువాత ఆయన నల్లజాతివారి మెథడిస్టు సంఘములో పాదిరి అయ్యాడు.

ఇప్పుడు జేమ్స్ క్యాంప్‌బెల్ ఉత్తరమును, రైస్ ఉత్తరమును ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. జేమ్స్ మాట నెమ్మదిగా, మర్యాదగా ఉన్నది. రైస్ మాట మంటలా ఉన్నది. మర్యాదను బట్టి తూచేవారు మొదటి దానినే మెచ్చుకుంటారు. కాని జేమ్స్ గట్టు మీద నిలిచి కాపాడిన ప్రభుత్వము గెలిచి ఉంటే, రైస్ కుమార్తెల వంటి లక్షల మంది పిల్లల గతి ఏమయ్యేది? సహోదరులిద్దరూ ఒకరి విధిని ఒకరు గౌరవించుకున్న ఆ చక్కని ఉత్తరములో ఈ పిల్లల ఊసే లేదు. ఎంతో నిజాయితీపరుల నమ్మకత్వములో కూడా ఇటువంటి ఖాళీ ఉండవచ్చు. తనవారి పట్ల విధి తీర్చుకున్నానన్న తృప్తిలో, ఆ విధి ఎవరి మెడ మీద కాలు పెట్టి నిలిచిందో చూడకపోవచ్చు.

నేను జేమ్స్‌కు తీర్పు తీర్చడము లేదు. హృదయాలను పరిశోధించేవాడు దేవుడు. మనిషిని తీర్చడము వేరు, అతడు మోసిన కార్యమును తూచడము వేరు. మనిషి మంచివాడు గనుక అతని పక్షము మంచిది అనడము ఒక పొరపాటు. పక్షము చెడ్డది గనుక అందులోని ప్రతివాడు దుర్మార్గుడు అనడము రెండవ పొరపాటు. మన తగాదాలన్నిటిలో ఈ రెండూ జంటగానే తిరుగుతాయి. రక్తము చిందించినంత మాత్రాన పక్షము పరిశుద్ధము కాదు. పరిశుద్ధము చేసే రక్తము ఒక్కటే, అది ఎవరిదో మనకు తెలుసు.

పరిశుద్ధ గ్రంథములో కూడా బానిసను గురించిన ఒక ఇంటి ఉత్తరము ఉన్నది. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక అదే. ఒనేసిమును దాసునిగా గాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని, అతడేమైనా అచ్చియుంటే తన లెక్కలో వ్రాయమని పౌలు బ్రతిమాలాడు. విచారకరమేమంటే, దక్షిణాదిలోని కొందరు బోధకులు ఆ పత్రికనే చూపి, దాసుని యజమానుని వద్దకు తిరిగి పంపాలని బోధించారు. సహోదరుడు అన్న మాట దగ్గరకు వచ్చేసరికి కళ్లు మూసుకున్నారు. తమ పక్షము మీద నమ్మకత్వము ముదిరినప్పుడు వాక్యమును చదివే కన్ను కూడా వంకర పోతుందనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. అగస్టా సభ జరిగిన నూట యాభై సంవత్సరాలకు, 1995లో, దక్షిణాది బాప్తిస్టు కన్వెన్షను బానిసత్వమును సమర్థించినందుకు నల్లజాతి సహోదరులను క్షమాపణ అడిగింది. ఆలస్యమే. అయినా అడుగుట మేలు.

యెహోషువ యెరికో దగ్గర కత్తి దూసిన ఒక మనుష్యుని చూచి, నీవు మా పక్షమా, మా శత్రువుల పక్షమా అని అడిగాడు. వచ్చినవాడు ఏ పక్షమూ ఒప్పుకోలేదు. యెహోవా సేనాధిపతిగా వచ్చానన్నాడు. వెంటనే యెహోషువ సాగిలపడ్డాడు. దేవుడు మన పక్షాన ఉన్నాడా అని అడగడము మనకు అలవాటు. మనము దేవుని పక్షాన ఉన్నామా అన్నది ఆ తరువాతనైనా అడగాలి. దానిని తెలుసుకొనుటకు ఈ మూడు ఉత్తరాలు మూడు ప్రశ్నలు నేర్పుతున్నాయి. ఈ నమ్మకము నేను వాక్యపు వెలుగులో ఎన్నుకొన్నదా, ఊరకే అంటుకున్నదా? నా త్యాగానికి వెల చెల్లిస్తున్నది ఎవరు, వారిని అడిగానా? నా పక్షము గెలిస్తే నోరు లేనివాడికి ఏమవుతుంది?

ప్రియులారా, మనము కూడా క్యాంప్‌బెల్ సహోదరుల వంటి వలస కుటుంబాలవారమే. మన తాతలు కోలారు గనులకు, షోలాపూరు మగ్గాలకు, మద్రాసుకు, బరంపురానికి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చారు. అన్న ఒక రాష్ట్రములో, తమ్ముడు మరొక రాష్ట్రములో స్థిరపడ్డారు. నదీజలాల తగాదా వచ్చినప్పుడు, భాష పేరిట గొడవలు లేచినప్పుడు, 2014లో మన తెలుగు రాష్ట్రమే రెండయినప్పుడు, ఒకే ఇంటివారు రెండు మాటలు మాట్లాడుట మనము చూచాము. ఉన్న ఊరికి నమ్మకముగా ఉండుట తప్పు కాదు. చెరలోనున్న వారికి యిర్మీయా పంపిన ఉత్తరములో తామున్న పట్టణము క్షేమము కొరకు ప్రార్థించమనే ఉన్నది. అయితే ఆ పట్టణము ఎవనినైనా అన్యాయముగా త్రొక్కితే, అదిగో అక్కడ మన కట్టుబాటుకు హద్దు.

సంఘాలలో మాట చెప్పనే అక్కరలేదు. కమిటీ ఎన్నికలో, స్థలము తగవులో, కోర్టు వ్యాజ్యములో అన్నదమ్ములు వేరు వేరు బల్లల మీద కూర్చుంటున్నారు. ప్రతి వర్గమూ తాను సంఘము కొరకే కష్టపడుతున్నానంటుంది, అది నిజము కూడా కావచ్చు. వ్యాజ్యపు ఖర్చు మాత్రము విధవరాలు వేసిన కానుకలో నుండే పోతుంది. ఆమెను ఎవరు అడిగారు? ఇశ్రాయేలీయులు బెన్యామీను గోత్రము మీద పగ తీర్చుకొని, తరువాత బేతేలులో కూర్చుండి ఒక గోత్రము లేకపోయెనే అని బిగ్గరగా ఏడ్చారు. ఆ ఏడ్పు ముందుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

అందుకని ఒక్క మనవి. అవతలి పక్షములోనున్న మీ సహోదరునికి ఈ నెలలో ఒక ఉత్తరము వ్రాయండి. మీకు సత్యమని తోచినది విడువకుండా వ్రాయండి. జేమ్స్ వలె ద్వేషము లేకుండా వ్రాయండి. బాలూ వలె వెల చెల్లించేవారిని తలచుకొని వ్రాయండి. న్యాయము అవసరమైన చోట రైస్ వలె వెరవకుండా వ్రాయండి. పౌలు వలె, ఏదైనా అప్పు ఉంటే నా లెక్కలో వేయుమని ఒక మాట చేర్చండి.

శత్రువులమై యుండగానే మనలను సమాధానపరచిన ప్రభువు, నమ్మకత్వములో వెలుగును, త్యాగములో వివేకమును మనకందరికి దయచేయును గాక. ఆమేన్.